ఒకే చెయ్యి, ఇద్దరు డాక్టర్లు: డయాలిసిస్ మనిషికి నోటి క్యాన్సర్ వస్తే

తిరుపతిలో ఒక డయాలిసిస్ యూనిట్‌లో టెక్నీషియన్‌ని. సూదులు గుచ్చడం, మిషన్ చూసుకోవడం, ఆ నాలుగు గంటలూ పేషెంట్ల కబుర్లు వినడం నా పని. సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున షిఫ్టుకి పాకాల వైపు నుంచి ఒక పెద్దాయన వస్తాడు. అరవై దాటాయి, షుగరుంది, మామిడి తోట ఉంది. ఒకరోజు ఎడమ చెయ్యి నాకు అప్పగించి, కుడి చేత్తో బుగ్గ పట్టుకుని, "నోరు తెరుచుకోవడం లేదు నాయనా, ఇడ్లీ కూడా పోవడం లేదు" అన్నాడు. టార్చి వేసి చూశాను. కుడి బుగ్గ లోపల, ఏళ్ల తరబడి పొగాకు అదిమిపెట్టుకున్న చోటే, రూపాయి బిళ్లంత పుండు. అంచులు గట్టిపడ్డాయి.

ముక్క తీసి పరీక్షకు పంపితే అనుకున్నదే తేలింది. ఆపరేషన్ చేసి బుగ్గలో ఆ భాగం తీసేయాలి, తీసిన చోట ముంజేతి నుంచి తోలు తెచ్చి కుట్టడం ఒక పద్ధతి అని క్యాన్సర్ డాక్టరు చెప్పారట. పెద్దాయన ఫిస్టులా, అంటే డయాలిసిస్ సూదులు గుచ్చడానికి లావెక్కించిన సిర, ఉన్న ఎడమ చెయ్యి ముందుకు చాపి "ఈ చెయ్యేనా సార్?" అని అడిగాడట. డాక్టరు ఒక్క క్షణం ఆగిపోయారట. ఆయన ఎందుకు ఆగారో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నోటి క్యాన్సర్‌కి మొదటి వైద్యం మామూలుగా ఆపరేషనే. పుండుతో పాటు చుట్టూ ఒక సెంటీమీటరు మేర మంచి కండ కూడా కలిపి తీస్తారు, మెడలోని గ్రంథులు తీస్తారు. తర్వాత అవసరాన్ని బట్టి రేడియేషన్, జబ్బు ముదిరితే దాంతో పాటే కీమో. ఆ కీమోలో ఎక్కువగా వాడే మందు సిస్‌ప్లాటిన్. అది కిడ్నీలను దెబ్బతీసే మందు, పైగా ఒంట్లోంచి బయటికి పోవాల్సింది కూడా కిడ్నీల దారినే. డయాలిసిస్ వాళ్లకి అసలు ఇవ్వలేదని కాదు. డోసు తగ్గించి, డయాలిసిస్ వేళతో జతచేసి ఇచ్చినవాళ్లున్నారు. కానీ చాలామంది డాక్టర్లు దాని జోలికి పోవడానికి జంకుతారు. అంటే మిగతావాళ్లకు మూడు కాళ్ల మీద నిలబడే వైద్యం వీళ్లకు రెండు కాళ్ల మీదే నిలబడాలి. అందుకే ఆపరేషన్‌లో రాజీ పడటానికి వీల్లేదు.

తీయడం ఒక ఎత్తు, తీసిన గుంతను పూడ్చడం ఇంకో ఎత్తు. ప్లాస్టిక్ సర్జన్ వస్తాడు అనగానే మనవాళ్లు "ఈ వయసులో అందం ఎందుకు సార్, వదిలేయండి" అంటారు. ఇది అందం గొడవ కాదు. బుగ్గలో గుంత అలాగే వదిలేస్తే నోరు బిగుసుకుపోతుంది, తిన్నదీ తాగిందీ బయటికి కారుతుంది. అంతకంటే ప్రమాదం, ఎంగిలి మెడలోకి దిగి అక్కడున్న పెద్ద రక్తనాళాన్ని నానబెడితే అది పగలొచ్చు. కాబట్టి ఒంట్లో ఇంకో చోటి నుంచి మంచి తోలూ కండా తెచ్చి గుంతను మూయాలి. ఆ తెచ్చే ముక్కనే ఫ్లాప్ అంటారు.

ఇందులో గొప్పగా చెప్పుకునేది ఫ్రీ ఫ్లాప్. తోలునీ దానికి రక్తం తెచ్చే నాళాన్నీ కలిపి పూర్తిగా కోసి తీసి, నోట్లో అమర్చి, ఆ నాళాన్ని మెడలోని నాళాలకు కుడతారు. రెండు మూడు మిల్లీమీటర్ల నాళం, తల వెంట్రుక కంటే సన్నని దారం, మైక్రోస్కోపు కింద కుట్లు. మొత్తం ఆపరేషన్ ఎనిమిది, పది గంటలు పడుతుంది. మామూలు మనుషుల్లో అలవాటున్న చేతులు చేస్తే నూటికి తొంభై అయిదుకు పైగా ఫ్లాపులు బతుకుతాయి.

బుగ్గకీ నాలుకకీ బాగా నప్పే ఫ్లాపు ముంజేతిది. చైనాలోని షెన్యాంగ్ డాక్టర్లు దీన్ని మొదలుపెట్టి 1981లో ప్రచురించారు. అందుకే దానికి చైనీస్ ఫ్లాప్ అన్న పేరు కూడా ఉంది. పలచటి తోలు, మడత పెడితే పడుతుంది, రక్తనాళం పొడుగ్గా వస్తుంది. ఆ రక్తనాళం ఏదంటే మణికట్టు దగ్గర మనం నాడి చూసుకునే రేడియల్ ధమని. దాంతో పాటు తీసుకునే పెద్ద సిర సెఫాలిక్.

ఇప్పుడు నా వైపు నుంచి చూడండి. 1966లో న్యూయార్క్ డాక్టర్లు బ్రెషియా, సిమినో బృందం ఒక ఉపాయం రాశారు. మణికట్టు దగ్గర ధమనిని సిరకు కలిపేస్తే ఆ సిర కొన్ని వారాల్లో లావెక్కి, వారానికి మూడుసార్లు లావుపాటి సూదులు గుచ్చినా తట్టుకుంటుంది. అదే ఫిస్టులా. వాళ్లు వాడిన నాళాలేవి? అదే రేడియల్ ధమని, అదే సెఫాలిక్ సిర. కుడిచేతి వాటం వాళ్లకు ఫిస్టులా ఎడమ చేతికి పెడతారు. ఫ్లాపు తీయాలన్నా పని తక్కువ చేసే చెయ్యి కాబట్టి ఎడమదే చూస్తారు. పెద్దాయన ఫిస్టులా మీద చెయ్యి వేస్తే దూరంగా పొలంలో మోటారు ఆడుతున్నట్టు జుయ్‌మంటుంది. ఆయన బతుకు ఆ చప్పుడు మీదే నడుస్తోంది.

పోనీ కుడి చేతి నుంచి తీసుకుంటే? ఇంట్లోవాళ్లందరూ అడిగే మాటే ఇది. ఫిస్టులా జీవితాంతం పనిచేస్తుందన్న గ్యారంటీ లేదు. గడ్డ కట్టొచ్చు, సన్నబడొచ్చు. అప్పుడు మిగిలేది కుడి చెయ్యే. అందుకే డయాలిసిస్ పేషెంట్లకు రెండో చేతిలో కూడా ముంజేతి సిరలకు సెలైన్ సూదులు పెట్టొద్దని మేం పోరుతుంటాం. అలాంటిది ఏకంగా ధమనినే తీసేస్తే, మణికట్టు దగ్గర ఫిస్టులా అన్న అవకాశం ఆ చేతికి పోయినట్టే. పైగా రేడియల్ తీశాక అరచెయ్యి మొత్తం రెండో ధమని మీదే, అంటే చిటికెన వేలి వైపు వచ్చే అల్నార్ మీదే ఆధారపడుతుంది. మామూలు వాళ్లకు మణికట్టు నొక్కి వదిలి ఆ రెండోది చాలుతుందో లేదో పరీక్షిస్తారు. షుగరూ డయాలిసిస్ రెండూ ఉన్న చేతిలో ఆ రెండో నాళాన్ని ఎంతవరకు నమ్మొచ్చన్నది ఇంకో ప్రశ్న.

ఎందుకంటే ఈ రక్తనాళాలకు సున్నం పడుతుంది. కిడ్నీలు పోయాక ఫాస్ఫరస్, కాల్షియం లెక్క తప్పి నాళాల గోడల్లో సున్నం పేరుకుంటుంది. ఏళ్ల తరబడి డయాలిసిస్‌లో ఉన్న కొందరి మణికట్టు పట్టుకుంటే నాళం మెత్తగా నొక్కుకోదు, సన్నటి ప్లాస్టిక్ పైపు తగిలినట్టుంటుంది. ఎక్స్‌రేలో తెల్లటి గీతల్లా కనిపిస్తుంది. అలాంటి నాళాన్ని మైక్రోస్కోపు కింద కుట్టడమంటే గుడ్డు పెంకుకి సూది వేసినట్టే. సూది వంగుతుంది, లోపలి పొర ఊడుతుంది, ఊడిన చోట రక్తం గడ్డకడుతుంది. అసాధ్యమని కాదు. చేసేవాళ్లు చేస్తున్నారు, సున్నం తక్కువున్న జాగా వెతికి మరీ కుడుతున్నారు. కానీ థియేటర్లోకి వెళ్లాక తెలుసుకోవాల్సిన విషయం కాదది. ముందే డాప్లర్, అంటే నాళాల్లో రక్తం పారే తీరు చూసే స్కాన్, చేయించాలి, లేదా సీటీలో రక్తనాళాలు చూడాలి. సీటీలో నాళాలు కనబడటానికి ఎక్కించే కాంట్రాస్ట్ మందు గురించి కిడ్నీ డాక్టర్లను ఒక మాట అడగాలి. ఇంకా రోజుకి ఒక గ్లాసు మూత్రమైనా వచ్చేవాళ్లకు ఆ మిగిలిన కాస్త పనీ పోతుందేమో అన్న భయం ఉంటుంది.

పేచీ చేతితో ఆగదు. మెడ దగ్గర కూడా ఉంది, దీని గురించి తక్కువ మంది మాట్లాడతారు. మన దగ్గర చాలామంది డయాలిసిస్ మొదలయ్యేది ఫిస్టులాతో కాదు. ఊపిరి ఆడక అర్ధరాత్రి వస్తారు, మెడలో జుగులార్ సిరలోకి గొట్టం వేసి మొదలుపెడతాం. అది నెలల తరబడి ఉంటే ఆ సిర, దాని దిగువన ఛాతీలోని పెద్ద సిర సన్నబడొచ్చు, మూసుకుపోవచ్చు. ఫ్రీ ఫ్లాప్‌లోంచి తిరిగి వచ్చే రక్తం పోవాల్సింది సరిగ్గా ఆ మెడ సిరల్లోకే. దిగువన దారి మూసుకుపోయి ఉంటే ఫ్లాపు ఉబ్బి, నీలంగా మారి చచ్చిపోతుంది. ఆపరేషన్ తర్వాత ఫిస్టులా మొరాయించి మళ్లీ మెడ గొట్టం కావాల్సి వస్తే, ఫ్లాపు కుట్టిన వైపు వేయకూడదు. కాబట్టి "ఇంతకు ముందు మెడలో గొట్టం వేశారా, ఏ వైపు, ఎన్నాళ్లు?" అన్న ప్రశ్నకు జవాబు క్యాన్సర్ ఫైల్లో ఉండాలి. చాలా ఫైళ్లలో ఉండదు. పేషెంటు మెడ మీద మచ్చలో ఉంటుంది.

మరి తొడ? తొడ ముందు వైపు నుంచి తీసే ఫ్లాపు డయాలిసిస్ వాళ్లకు నిజంగా మంచి ప్రత్యామ్నాయం. దాని నాళం లోతుగా ఉంటుంది, మిగతావాటితో పోలిస్తే సున్నం బాధ తక్కువ, చేతుల జోలికి పోనక్కర్లేదు. కాకపోతే గజ్జల్లో డయాలిసిస్ గొట్టం ఉన్న వైపు వద్దు. దవడ ఎముక కూడా పోతే కాలి నుంచి ఫిబ్యులా అనే సన్నని ఎముక తెచ్చి దవడ కట్టడం 1989 నుంచి నడుస్తోంది. కానీ మోకాలి కింద కాలికి ఉండేవి మూడు ధమనులు. షుగరు, డయాలిసిస్ రెండూ ఉన్నవాళ్లలో రెండు ఎప్పుడో మూసుకుపోయి, పాదాన్ని ఆ ఫిబ్యులా పక్క నాళం ఒక్కటే మోస్తూ ఉండొచ్చు. అది చూసుకోకుండా తీస్తే దవడ కట్టి కాలు పోగొట్టుకున్నట్టు. దవడ పక్క భాగం మాత్రమే పోతే ఎముక పెట్టకుండా కండతో సర్దుకోవచ్చు. గడ్డం ముందు భాగం పోతేనే ఎముక తప్పదు. లేకపోతే గడ్డం కూలిపోయి ఎంగిలి ఆగదు.

పెద్దాయనకు చివరికి చేసింది వీటిలో ఏదీ కాదు, ఛాతీ ఫ్లాపు. అమెరికా సర్జన్ ఏరియన్ 1979లో రాసిన పద్ధతి. ఛాతీ కండనీ దాని మీద తోలునీ పూర్తిగా కోయకుండా, కాలర్ ఎముక దగ్గర రక్తనాళం అలాగే ఉంచి, మెడ తోలు కిందుగా పైకి తిప్పి నోట్లోకి చేరుస్తారు. మైక్రోస్కోపు అక్కర్లేదు, నాళాలు కుట్టే పని లేదు, టైం తక్కువ. మెడలోని పెద్ద రక్తనాళం మీద దుప్పటిలా కప్పుతుంది కూడా. మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఏళ్లుగా దీన్ని నమ్ముకునే పని జరుగుతోంది. కొత్తగా చదివొచ్చిన వాళ్లు దీన్ని పాత పద్ధతి అని చిన్నచూపు చూస్తారు. లావుగా ఉంటుంది, మెడ పట్టేసినట్టుంటుంది, ఆడవాళ్లకు రొమ్ము ఆకారం మారుతుంది, ఇవన్నీ నిజమే. అయినా డయాలిసిస్ మనిషి విషయంలో నా ఓటు దీనికే. మా వృత్తికి ఇక్కడ కూడా ఒక తగాదా ఉందనుకోండి. మెడ గొట్టం బయటికి వచ్చేది ఛాతీ తోలులోంచే. పెద్దాయనకు పాత గొట్టం మచ్చ సరిగ్గా కుడి ఛాతీ మీద ఉంది. మచ్చ పై తోలులో ఉందనీ, ఫ్లాపు నాళం కండ కింద నడుస్తుందనీ సర్జన్ డాప్లర్ పెట్టి చూసుకుని ధైర్యం చేశారు. గొట్టం ఇంకా లోపలే ఉండి ఉంటే లెక్క వేరు.

ఛాతీ తోలుకి వెంట్రుకలుంటాయి కదా. కొన్నాళ్లకు ఆయన నోట్లో వెంట్రుకలు మొలిచాయి. "కొండ మీద ఇవ్వాల్సిన నీలాలు నోట్లో దాచిపెట్టుకున్నా" అని ఆయనే నవ్వించాడు. రేడియేషన్ మొదలయ్యాక అవి రాలిపోయాయి.

పుండు చిన్నదైతే ఇంత దూరం రానే అక్కర్లేదు. ముక్కు పక్క మడత నుంచో, గడ్డం కింద నుంచో తోలు తిప్పొచ్చు, తొడ నుంచి పలచటి తోలు అతికించొచ్చు. అంగిట్లో రంధ్రమైతే కట్టుడు పళ్ల సెట్టు లాంటి పళ్లెంతో మూసేయొచ్చు.

ఇక ఆపరేషన్ అయిన వారం. ఇది నాకు బాగా తెలిసిన వారం. డయాలిసిస్ వాళ్ల రక్తం వింతగా ప్రవర్తిస్తుంది. మలినాల వల్ల ప్లేట్‌లెట్లు సరిగ్గా పనిచేయక రక్తం ఆగదు, అదే మనిషిలో కుట్టిన నాళం దగ్గర మాత్రం గడ్డకట్టడానికి సిద్ధంగా ఉంటుంది. అందుకే మామూలుగా ఆపరేషన్‌కి ముందురోజు డయాలిసిస్ చేస్తాం. మలినాలు తగ్గితే ప్లేట్‌లెట్లు కాస్త దారికొస్తాయి, పొటాషియం దిగుతుంది, ఎక్కువైన నీరు పోతుంది. ఆపరేషన్ తర్వాత పొటాషియం, ఊపిరి బాగుంటే ఒకటి రెండు రోజులు ఆగి, హెపారిన్ లేకుండా చేస్తాం. హెపారిన్ అంటే రక్తం మిషన్‌లో గడ్డకట్టకుండా ఇచ్చే మందు. అది ఇస్తే మెడలో రక్తం చేరి ఊపిరికి అడ్డం పడే ప్రమాదం. ఇవ్వకపోతే మా ఫిల్టర్ గడ్డకడుతుంది. దాంతో అరగంటకోసారి వంద మిల్లీలీటర్ల సెలైన్ లైన్లోకి కొట్టి కడుగుతూ కూర్చోవాలి. నాలుగు గంటల్లో అలా లోపలికి పోయిన ఎనిమిది వందల మిల్లీలీటర్లు మళ్లీ బయటికి లాగాలి.

ఆ లాగడంలోనే ఉంది అసలు టెన్షన్. నీళ్లు వేగంగా లాగితే బీపీ పడిపోతుంది. మామూలు రోజుల్లో బీపీ పడితే కాళ్లు పైకెత్తి, సెలైన్ ఇచ్చి, కాసేపటికి మళ్లీ మొదలుపెడతాం. కొత్త ఫ్లాపు ఉన్న మనిషికి ఆ అరగంట చాలు. ప్రవాహం మందగిస్తే కుట్టిన నాళం మూసుకుంటుంది. కిలో బరువుకి గంటకి 13 మిల్లీలీటర్లకు మించి లాగొద్దన్నది మాకు తెలిసిన హద్దు. యాభై కిలోల మనిషికి గంటకి 650. ఈ వారంలో అంతదాకా కూడా పోరు. నాలుగు గంటల పని ఆరేడు గంటలకు సాగదీస్తారు, లేదా కొంచెం కొంచెంగా రోజూ చేస్తారు. ఛాతీ ఫ్లాపుకి కుట్టిన నాళం లేదు కాబట్టి ఈ గండం కొంత తేలిక. నేను దానికి ఓటేయడానికి ఇదీ ఒక కారణం.

ఒకసారి ఇలాంటి పేషెంటునే వార్డులో చూడ్డానికి వెళ్తే, గంటగంటకీ బీపీ చూసే పట్టీ తీసుకెళ్లి ఫిస్టులా చేతికే కట్టారు. ఆ చేతికి బీపీ చూడకూడదు, రక్తం తీయకూడదు, సూది గుచ్చకూడదు. ఎవరిదీ దురుద్దేశం కాదు, ఫ్లాపు మీద ఉన్న కళ్లు చేతి మీద లేవు. పట్టీ విప్పి చెవి పెడితే జుయ్‌మనే చప్పుడు నీరసంగా వినిపించింది. అప్పటి నుంచి ఆపరేషన్‌కి వెళ్లే ప్రతి పేషెంటు చేతి మీద లావుపాటి మార్కర్‌తో "ఈ చెయ్యి వద్దు" అని రాసి పంపుతున్నాను. ఆ చేతికి కట్టే బ్యాండేజీ మీద కూడా.

తిండి సంగతి ఇంకో తలనొప్పి. నోట్లో కుట్లు మానేదాకా ముక్కు గొట్టంలోంచే ఆహారం. పరామర్శకు వచ్చిన ప్రతివాళ్లూ కొబ్బరి బోండాలు తెస్తారు. వంద మిల్లీలీటర్ల కొబ్బరి నీళ్లలో సుమారు 250 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. రెండు బోండాలు గొట్టంలో పోస్తే డయాలిసిస్ మనిషికి రోజంతటి కోటాలో సగం అయిపోతుంది. పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది. మరోవైపు పుండు మానాలంటే ప్రొటీన్ కావాలి, డయాలిసిస్‌లో ఉన్నవాళ్లకు కిలో బరువుకి రోజుకి 1 నుంచి 1.2 గ్రాముల దాకా. పత్యం పేరుతో రాగి జావ నీళ్లు మాత్రమే పోస్తే అది రాదు. గుడ్డు తెల్లసొన వాడండి, మిగతాది డైటీషియన్‌ని అడగండి. నొప్పి మాత్రలు కూడా సొంతంగా వద్దు. మార్ఫిన్ లాంటివి వీళ్ల ఒంట్లో పేరుకుపోయి మత్తులో ఊపిరి మందగిస్తుంది.

తైవాన్‌లో వక్క నమిలే అలవాటూ ఎక్కువే, డయాలిసిస్ మీద ఉన్నవాళ్లూ ఎక్కువే. అక్కడి నుంచీ ఇతర చోట్ల నుంచీ వచ్చిన అనుభవాలు చూస్తే ఒక తీరు కనిపిస్తుంది. ఫ్రీ ఫ్లాపులు చాలావరకు బతుకుతున్నాయి. ఇబ్బంది పడుతున్నది మనిషి: రక్తస్రావం, న్యుమోనియా, గుండె సమస్యలు, ఐసీయూలో ఎక్కువ రోజులు. కాబట్టి "ఫ్లాపు బతుకుతుందా?" అని అడిగి ఊరుకోవద్దు. "ఆరు వారాల్లో పుండు మానుతుందా?" అని కూడా అడగండి. ఆపరేషన్ అయిన ఆరు వారాల లోపు రేడియేషన్ మొదలుపెట్టాలంటారు. కీమో లేని మనిషికి ఆ గడువు ఇంకా విలువైనది. అద్భుతమైన ఫ్లాపు వేసి, ఒక మూల మానక మూడు నెలలు గడిస్తే అందులో లాభమేముంది? మార్పిడి కిడ్నీ కోసం ఎదురుచూసేవాళ్లయితే, క్యాన్సర్ రకాన్నీ దశనూ బట్టి వైద్యం పూర్తయ్యాక రెండు నుంచి అయిదేళ్లు ఆగమంటారు. అంటే ఆ ఏళ్లన్నీ ఫిస్టులా మీదే గడవాలి.

పెద్దాయన అయిదో వారంలో రేడియేషన్‌కి సిద్ధమయ్యాడు. వారానికి అయిదు రోజులు, ఆరు వారాలు, ముప్పై సిట్టింగులు. మధ్యలో సోమ, బుధ, శుక్ర మా దగ్గర నాలుగేసి గంటలు. రేడియేషన్‌లో తల కదలకుండా ముఖానికి సరిపడా అచ్చు తీసిన మాస్కు బిగిస్తారు. మొదటి సోమవారం ఆ మాస్కు ముఖానికి పట్టలేదు. శని, ఆదివారాల నీళ్లన్నీ చెంపల్లో ఉన్నాయి. అక్కడి టెక్నీషియన్ నాకు ఫోన్ చేశాడు. సోమవారాలు ముందు నా దగ్గర డయాలిసిస్, నీళ్లు దిగాక మధ్యాహ్నం అక్కడ రేడియేషన్ అని ఇద్దరం మాట్లాడుకున్నాం. డయాలిసిస్ రోజు నీరసం ఎక్కువ కాబట్టి, బుధ, శుక్రవారాలు పొద్దున్నే రేడియేషన్ ముగించుకుని రెండో షిఫ్టుకి వచ్చేవాడు. ఇంటికి చేరేసరికి రాత్రి ఎనిమిదయ్యేది.